వెన్నెల గురువారం

సరస్సు ఒడ్డున కొమీరో రేవు ఆరోగ్య కేంద్రం వసారాలో ఒక బల్ల ఉంది. నలుగురు ఇరుకు లేకుండా కూర్చోవచ్చు, ఐదోవాడు కూర్చుంటే సగం గాల్లో ఉంటాడు. గట్టి చెక్క, ఇన్నేళ్ళయినా చెద ముట్టలేదు. ఆ పలకలు కోసింది బల్ల కోసం కాదు. ఆకేయో శవపేటిక కోసం.

పందొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడామె బరువు ముప్పై రెండు కిలోలు. మొగుడు అంతకు రెండేళ్ళ ముందు అదే జబ్బుతో, హెచ్‌ఐవీతో పోయాడు. మరిది న్యాంగ్వెసో వడ్రంగి. వదిన ఇక వారం దాటదని అనుకుని, మంచి మాను చూసి పలకలు కోయించి, ఇంటి పక్కన ఎండకు నిలబెట్టాడు. చాటుగా కూడా కాదు, ఆమె పడుకున్న చోటికి కిటికీలోంచి కనబడేలా. ఆ వారంలోనే పెద్దాసుపత్రికి మందులు వచ్చాయని కబురందితే, ఎండుచేపల బస్తాల మధ్య ఆమెనూ పడవలో వేసి పంపారు. నాలుగు నెలలకు తన కాళ్ళ మీద తాను రేవులో దిగింది. దిగి ఇంటికి పోలేదు. తిన్నగా మరిది దగ్గరికి పోయి, ఆ పలకలతో బల్ల చెయ్యమంది.

"కొలత నీదే వదినా. పొడవు తగ్గించనా?" అన్నాడు న్యాంగ్వెసో.

"తగ్గించకు. నాలాంటివాళ్ళు ఇంకా వస్తారు, కూర్చోవాలి."

మొగుడు పోయిన ఆడదాన్ని మరిది ఏలుకోవడం అక్కడి ఆచారం. న్యాంగ్వెసో ఆ మాట కూడా కదిపి చూశాడు. నీకు పెట్టెలు చెయ్యడం వచ్చుగాని కాపురం చెయ్యడం రాదు పొమ్మంది. అయినా ఇద్దరికీ మాటలు చెడలేదు. బల్ల పక్కనుంచి పోయినప్పుడల్లా, "మా వదిన కింద పడుకోవాల్సిన చెక్క మీద ఊరంతా కూర్చుంటోంది" అనడం మాత్రం అతను ఈరోజుకీ మానలేదు.

ఆకేయో ఉద్యోగానికి కాగితం మీద బారెడు పేరుంది. పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మందులకు రానివాళ్ళను వెతికి తీసుకురావడం. పదకొండేళ్ళుగా అదే పని. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, ఒక ఊచ విరిగిన గొడుగు, ప్లాస్టిక్ సంచిలో రిజిస్టరు. ఎవరి కోసం వెళ్తోందో వాళ్ళింటికి తిన్నగా ఎప్పుడూ వెళ్ళదు. ముందు మూడిళ్ళు తిరుగుతుంది. ఒకచోట ఉప్పడుగుతుంది, ఒకచోట కోడిపిల్లల ధర అడుగుతుంది, ఒకచోట కూర్చుని పాల టీ తాగుతుంది. నాలుగోది అసలు ఇల్లు. ఆకేయో మన వాకిట్లోకి వచ్చిందంటే ఇరుగుపొరుగుకు అనుమానం రాకూడదు కాబట్టి, అనుమానాన్ని ఊరంతా సమానంగా పంచేసింది. ఆ లెక్కన కొమీరోలో ఆమె గడప తొక్కని ఇల్లు లేదు.

పడవవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మాత్రల డబ్బా. అల వచ్చి పడవ ఊగితే సంచిలో డబ్బా గలగలమంటుంది. ఆ చప్పుడు ఏమిటో సరస్సు మీద చెవులున్న ప్రతివాడికీ తెలుసు. అందుకని ఎంతమంది డబ్బాను నీళ్ళలో విసిరేసి వచ్చారో లెక్కలేదు. ఆకేయో ప్రతి డబ్బాలోనూ తన చేత్తో పత్తి కుక్కి ఇస్తుంది. అక్కడితో ఆగలేదు. ఒకే పడవలో పోయే మనుషులను ఒకే రోజున ఎప్పుడూ రప్పించదు. కేంద్రంలో ఈ మందులిచ్చేది గురువారం. ఎవరి వంతైనా నాలుగు వారాల లెక్కనే, నిలకడగా వచ్చేవాళ్ళకు మూడు వంతుల మందు ఒకేసారి. ఒకడికి మొదటి గురువారం రాస్తే వాడి పడవలోనే పోయేవాడికి మూడో గురువారం రాసేది. ఏ పడవలో ఎవరెవరు పోతారో ఆమె బుర్రలో ఉండేది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా పడవవాళ్ళిద్దరు ఆ బల్ల మీద ఎదురుపడలేదు. అది తన గొప్పతనమేనని ఆమె నమ్మకం. నమ్మకంలో తప్పేమీ లేదు, ఒక్కటి తప్ప. ఆ సంగతి తర్వాత.

ఎనిమిది నెలల కిందట కేంద్రం నడపడానికి లగట్ వచ్చాడు. తేయాకు కొండల్లో పుట్టినవాడు, ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. చదువు ప్రకారం డాక్టరు కాదుగాని, రేవులో తెల్లకోటు వేసుకున్న ప్రతివాడూ డాక్టరే. మంచివాడే. మంచివాడు కాబట్టే కోపం ఎక్కువ. ఇంత మందు ఊరికే ఇస్తుంటే వచ్చి తీసుకోవడానికేం రోగమని అతని బాధ. గురువారం తప్పి వచ్చినవాళ్ళను వరసలో చివర నిలబెట్టేవాడు. ఫైలు మీద ఎర్రగీత కొట్టేవాడు. గీత పడినవాళ్ళకు మూడు నెలల మందు బదులు నెల మందే ఇచ్చేవాడు, భయముండాలని. అంటే దూరంగా తిరిగేవాడే మాటిమాటికీ రావాలన్నమాట. తొంభై రోజులు కనబడకపోతే పేరు "జాడ లేనివారు" అనే పట్టీలో చేరేది. ఆ పట్టీలో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి.

ఆ మాట ఆకేయోకు కారం రాసినట్టుండేది. "జాడ లేకపోవడమేంటి డాక్టరూ? వీడు నిన్న ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పనా?" అనేది.

ముప్పై తొమ్మిదో పేరు కాబోతున్నవాడు ఒసేవె. ఇరవయ్యారేళ్ళవాడు. వాడి తల్లి ఆవోకో, ఆకేయో ఒకే రేవులో ఒకే గొడుగు కింద చేపలమ్మినవాళ్ళు. మందులొచ్చేసరికి ఆకేయో మిగిలింది. ఆవోకో ఆరు నెలల ముందే పోయింది. ఆరు నెలలు. ఆ ఆరు నెలల సంగతి ఆకేయో ఎవరి దగ్గరా ఎత్తదు, ఒసేవె ఒంట్లో బాగుండకపోతే మాత్రం ఆమెకు అన్నం సయించదు. మూడేళ్ళుగా వాడూ మందుల మీద ఉన్నాడు. ఎలా అంటుకుందని రేవులో ఎవరూ అడగరు, అడిగి చేసేదేముంది. మొన్నమొన్నటిదాకా రక్తంలో వైరస్ కనబడటం లేదనే వచ్చేది. ఈసారి పరీక్షలో లెక్క పైకి లేచింది. దగ్గు కూడా పట్టుకుంది. ఇంకో నెల మందు మానితే ఈ మాత్రలు వాడి ఒంటికి పనిచెయ్యవని, వేరే మందుల కోసం ఆవలి ఒడ్డున పెద్దాసుపత్రికి పంపాల్సిందేనని లగట్ చెప్పాడు. అక్కడికి పంపినవాళ్ళలో ఎంతమంది నిలకడగా వెళ్తారో ఆకేయోకు తెలుసు. పైగా కిందటిసారి వాణ్ణి అందరి ముందూ లగట్ కడిగేశాడు. వాడు మందుల కార్డు బల్ల మీద పడేసి పోయాడు.

నర్సును బతిమాలి పది రోజుల మాత్రలు తీసుకుని, ఆకేయో రాళ్ళదీవికి పోయే సరుకుల పడవెక్కింది. చీకటి రోజులు. చంద్రుడు లేని రోజుల్లోనే ఒమెనా పడుతుంది. వేలెడు పొడవు కూడా ఉండని వెండి చేప, నీళ్ళ మీద దీపం తేలిస్తే గుంపుగా పైకొస్తుంది. వెన్నెల కాస్తే దీపాన్ని లెక్కచెయ్యదు. అందుకని చీకటి ఉన్నన్నాళ్ళూ పడవలు దీవుల వెంట పోయి అక్కడే మకాం పెడతాయి, పున్నమి చుట్టూ వారం పది రోజులు మాత్రం ఇంటికొచ్చి వలలు బాగుచేసుకుంటాయి. కొమీరోలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం.

పట్టపగలు దీవి మీద మగవాళ్ళంతా నిద్రపోతున్నారు. ఆడవాళ్ళు పరిచిన వలల మీద చేపలు ఎండబెడుతున్నారు. ఒసేవె ఒక్కడే నిద్రపట్టక, దగ్గుకుంటూ పొయ్యి దగ్గర మొక్కజొన్న పిండి ఉగాలి కెలుకుతున్నాడు. ఇరవై అడుగుల దూరంలో తెరచాప కప్పుకుని పడవ పెద్ద ఒబియెరో గురకపెడుతున్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి, మాట పొదుపు, చెయ్యి దురుసు.

"చేపలు కొనడానికొచ్చావా పిన్నీ? తట్ట మర్చిపోయినట్టున్నావే," అన్నాడు ఒసేవె.

"నిన్నే వేసుకుపోదామని వచ్చాను, తట్టెందుకు? గురువారం ఏమైంది?"

"ఏ గురువారం? ఈ చీకట్లో ఒడ్డున కూర్చుంటే నాకు కూడెవడు పెడతాడు? నీ గురువారాలు చంద్రుణ్ణి అడిగి పెట్టినవా?"

ఆకేయో పొయ్యి దగ్గర చతికిలబడింది. ఆ మాట ఎక్కడో తగిలింది. అప్పటికి పక్కన పెట్టి, ఒబియెరోను ఒక్కపూట సెలవడగొచ్చు కదా అంది.

"ఏమని అడగను?" ఒసేవె గొంతు తగ్గించాడు. "తెలిసిన రోజున దించేస్తాడు. పోయినేడు ఒకణ్ణి దగ్గుతున్నాడనే దించేశాడు. ఆయన మాత్రం మూడు నెలలకోసారి, ఎంత మంచి చీకటైనా సరే, ఇంటి దగ్గర పనుందని పడవ రేవుకు తిప్పేస్తాడు. మేం నోరెత్తకూడదు. ఏం పనో ఎవడికీ చెప్పడు."

ఆకేయో తెరచాప వైపు చూసింది. ఏం పనో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఒబియెరో డబ్బాలో పత్తి కుక్కుతున్నది తనే. ఒరే పిచ్చోడా, నువ్వు ఎవరికి భయపడుతున్నావో ఆయనా నీలాగే భయపడుతున్నాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర నోరు జారిన రోజున రేవులో ఒక్క తలుపు కూడా ఆమెకు తెరుచుకోదు. మాత్రల డబ్బా వాడి చేతిలో పెట్టింది. వాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. నవ్వాడు, దగ్గాడు. వస్తానని మాత్రం మాటివ్వలేదు.

తిరుగు పడవలో ఆమెకు ఆ చంద్రుడి మాటే. ఇంటికి పోగానే చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు గోడ మీంచి దించి, రిజిస్టరు తీసుకుని, కేంద్రం వసారాకు వచ్చి తన బల్ల మీద కూర్చుంది. క్యాలెండర్లో అమావాస్యకు నల్లచుక్క, పున్నమికి తెల్లచుక్క ఉంటాయి. పట్టీలో ఉన్న ఒక్కొక్క పేరూ ఎప్పుడెప్పుడు తప్పిందో చూసి, ఆ గురువారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. సున్నాలు దాదాపు అన్నీ నల్లచుక్కల చుట్టూ చీమల్లా చేరాయి.

అసలు తిరకాసు ఇంకోటుంది. నాలుగు వారాలంటే ఇరవై ఎనిమిది రోజులు. చంద్రుడు తిరిగి రావడానికి ఇంకో రోజున్నర పడుతుంది. ఒకడి గురువారం వెన్నెల్లో మొదలైతే నాలుగైదు నెలలు బుద్ధిగా వస్తాడు. ఈలోగా రోజున్నర చొప్పున జరిగి జరిగి ఆ గురువారం చీకట్లోకి జారుకుంటుంది. అంతే, మనిషి మాయం. నిన్నటిదాకా బాగానే వచ్చాడు, ఉన్నట్టుండి ఏమొచ్చిందని అందరూ తలలు బాదుకునేది ఇందుకు. పైగా పడవవాళ్ళను విడదీసి నాలుగు గురువారాలకు పంచింది ఎవరు? తనే. ఎప్పుడు చూసినా సగంమంది చీకట్లో పడేలా, తన చేత్తో, ఎంతో తెలివిగా రాసుకొచ్చింది. పుట్టినప్పటినుంచీ చంద్రుణ్ణి చూసి చేపలు కొన్న మనిషి, రిజిస్టరు చేతిలోకి రాగానే చంద్రుణ్ణి మర్చిపోయింది. చాలాసేపు బల్ల మీంచి లేవలేదు. అటుగా పోతున్న న్యాంగ్వెసో ఏదో అనబోయి, మొహం చూసి, ఆరోజుకు తన హాస్యం మానుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే క్యాలెండరు తీసుకెళ్ళి లగట్ ముందు పరిచింది. అతను మొదట నవ్వాడు. తమ కొండల్లో ఆవులకు చంద్రుడితో పని లేదన్నాడు. తర్వాత నవ్వు ఆపి, పట్టీ తన దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క పేరూ తనే సరిచూశాడు. ముప్పై ఎనిమిదిలో ముప్పై ఒకటి చీకటి రోజుల్లో తప్పినవే. బయట జనం కూడుతున్నా పట్టించుకోలేదు.

"ఎనిమిది నెలలైంది నేనొచ్చి," అన్నాడు చివరికి. "ఒక్కరైనా చెప్పలేదేం?"

"చెప్పాల్సిన విషయమని మాకు తెలీదు డాక్టరూ. పొద్దున్నే సూర్యుడొస్తాడని మీకెవరైనా చెప్పారా?"

మందుల బండి ఎప్పుడొస్తుందో మార్చడం తన చేతుల్లో లేదుగాని, మందులిచ్చే రోజు తన చేతుల్లోనే ఉందన్నాడు లగట్. ఇకమీదట పడవవాళ్ళందరికీ పున్నమికి దగ్గర పడే గురువారం. ఎర్రగీతలు మానేశాడు. తప్పు ఒప్పుకోవడం రాని మనిషి కాబట్టి ఎర్ర పెన్ను ఎక్కడో పోయిందన్నాడు. ఆకేయో నమ్మినట్టే తలూపింది.

సంతోషంగా రిజిస్టరు తెరిచి పేర్లు రాయడం మొదలుపెట్టాకగానీ ఆమెకు అసలు చిక్కు తట్టలేదు. పడవవాళ్ళందరూ ఒకే రోజు. ఒకే వసారా. ఒకే పేజీలో పైన ఒబియెరో, కింద ఒసేవె. పదకొండేళ్ళు ఎవరు ఎవరికి ఎదురుపడకుండా కాపాడిందో వాళ్ళందరినీ ఒక్కచోటికి తనే పిలుస్తోంది. ఒసేవె ఆ బల్ల మీద ఒబియెరోను చూశాడంటే వెనక్కి తిరిగి పరిగెత్తుతాడు. ఈసారి పరిగెత్తితే ఇంకే దీవికి పోతాడో. ఆలోచించి ఒబియెరోకు పొద్దున్నే రమ్మని, ఒసేవెకు ఎండ తిరిగాక రమ్మని కబురు పెట్టింది.

గడియారం చూసి బతికే మనుషులకైతే ఆ ఉపాయం పనిచేసేది.

వెన్నెల గురువారం రానే వచ్చింది. వసారా నిండిపోయింది. జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, నీళ్ళు తాగే నెపంతో అటు తిరుగుతున్నారు, ఇటు తిరుగుతున్నారు. ఇద్దరు తోడల్లుళ్ళు ఎదురుపడి, పంటినొప్పి అంటే పంటినొప్పి అని చెప్పుకున్నారు. పొద్దెక్కింది, ఒబియెరో రాలేదు. నెలలో దొరికే ఏడెనిమిది మంచి నిద్రల్లో ఒకటి ఆ పొద్దున పూర్తి చేసుకుని, మిట్టమధ్యాహ్నం తీరిగ్గా వచ్చి బల్ల మధ్యలో కూర్చున్నాడు. ముందు పదిమంది ఉన్నారు. ఆయన్ను ముందు పంపించమని ఆకేయో లోపలికి రెండుసార్లు వెళ్ళి అడిగింది. వరస వరసే అన్నాడు లగట్, కొండవాడి మొండితనంతో.

ఆమె బయటికి వచ్చేసరికి ఒసేవె గట్టు ఎక్కి వస్తున్నాడు. ఒంటి మీద చొక్కా వదులైంది. భుజాన ఏదో వల ముక్క, ఎవరైనా అడిగితే దారం కోసం వచ్చానని చెప్పడానికి. ఆకేయో గొడుగు తెరిచి అడ్డం పెడదామా అని కూడా అనుకుంది. ఇంత పెద్ద ఒబియెరోకు ఊచ విరిగిన గొడుగు ఏం అడ్డం.

ఒసేవె చూశాడు. కాలు అక్కడే ఆగిపోయింది. ఒబియెరో కూడా చూశాడు. ఆయన చేతిలో తొమ్మిదేళ్ళ నాటి కార్డు ఉంది, అంచులు అరిగి పసుపురంగు తిరిగింది. దాన్ని జేబులోకి తొయ్యబోయాడు. తోస్తే ఆకేయో పని అయిపోయేదే. ఆయన దగ్గు చూపించుకోవడానికొచ్చిన పెద్దమనిషి, వాడు దారం కోసం వచ్చిన కుర్రాడు అయ్యేవాళ్ళు, ఇద్దరూ మళ్ళీ రారు.

ఒసేవె సగం తిరిగాడు. అప్పుడు దగ్గు వచ్చింది. ఆపుకోవాలని చూస్తే ఇంకా ఎక్కువై, వంగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గాడు. ఒబియెరో వాణ్ణి చూస్తూనే ఉన్నాడు. జేబు దగ్గర చెయ్యి వెనక్కి వచ్చింది. కార్డు తొడ మీద అందరికీ కనబడేలా పెట్టుకుని, పక్కవాణ్ణి మోచేత్తో జరిపి చోటు చేశాడు.

"రా."

ఒసేవె వల ముక్క ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"పడవలో నా పక్కనే కూర్చుంటావుగా. ఇక్కడేమన్నా ముళ్ళున్నాయా?"

వాడు వచ్చాడు. కూర్చున్నాడు. వల ముక్క ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఒసేవె మెల్లగా, "ఇంటి దగ్గర పనంటే ఇదా పెద్దయ్యా?" అన్నాడు.

"నోర్ముయ్," అన్నాడు ఒబియెరో, కోపం లేకుండా. కార్డు అంచు సర్దుకుంటూ, "దగ్గినవాణ్ణి దించేశానని నన్ను తిట్టుకున్నారు కదా మీరంతా. వాణ్ణి ఆసుపత్రికి పంపాను. క్షయ. నయమైంది. వాడి అత్తారింట్లో ఉన్నాడు," అన్నాడు. ఏడాదిలో ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

లోపల లగట్ ఒసేవె రొమ్ముకు గొట్టం పెట్టి విన్నాడు, కఫం పరీక్షకు తీసుకున్నాడు. రక్తం మళ్ళీ తీశాడు. మాత్రలు మళ్ళీ దారికి వస్తాయా, వేరే మందులు కావాలా అన్నది మూడు నెలల తర్వాత తేలుతుందన్నాడు. ఈసారి తిట్టలేదు. మూడు నెలల్లో పున్నమి గురువారం ఎప్పుడొస్తుందో ఆకేయోను అడగకుండా గోడ మీది క్యాలెండర్లో తనే చూసి రాశాడు. కాస్త గర్వంగానే రాశాడు.

బయట ఆకేయో అలవాటు కొద్దీ ఇద్దరి చేతుల్లోని డబ్బాల మూతలు తీసి, సంచిలోంచి పత్తి తీసింది. ఒసేవె ఒబియెరో వైపు చూశాడు. ఒబియెరో గడ్డం గోక్కున్నాడు.

"పెట్టనా, వద్దా?" అంది ఆకేయో.

ఆయన జవాబు చెప్పేలోగా గట్టు కింద కేక వినబడింది. వాళ్ళ పడవలో మూడోవాడు ఒగుతు, నడుముకు వల దారం చుట్టుకుని, చిరాగ్గా ఎక్కి వస్తున్నాడు. పొద్దుట్నుంచీ వల ముందేసుకుని ఒక్కడే కూర్చున్నాడట, మిగతావాళ్ళు ఏమైపోయారో జాడ లేదట. పైకి వచ్చి, బల్లను చూసి, ఇద్దరి చేతుల్లో డబ్బాలు చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"నిలబడ్డావేం? కూర్చో," అన్నాడు ఒబియెరో. "ఎలాగూ వచ్చావు, నీ రక్తమూ చూస్తారు."

ఒగుతు బల్ల చివర కూర్చున్నాడు, సగం గాల్లో. ఒబియెరో తన డబ్బా మూత బిగించి చొక్కా జేబులో వేసుకుని గట్టు దిగాడు. అడుగడుగుకీ గలగలమంటూనే ఉంది.

ఆకేయో చేతిలో పత్తి అలాగే ఉండిపోయింది. దాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. రేవులో వేరే పడవలు ఇంకా ఉన్నాయి.